కన్యారాశిలో ఇస్త్రీ పెట్టె

ఇస్త్రీ పెట్టె మీద చిన్న లైటు ఉంటుంది చూడండి. పెట్టె వేడెక్కగానే ఆరిపోతుంది, చల్లబడగానే మళ్లీ వెలుగుతుంది. మనం చెయ్యి పెట్టక్కర్లేదు. ఆకాశంలోనూ ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంది.

కన్యారాశిలో ఎమ్87 అనే పెద్ద గెలాక్సీ ఉంది. మనకు సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. 2019లో పేపర్లన్నీ వేసిన మొట్టమొదటి బ్లాక్ హోల్ ఫొటో గుర్తుందా, మసక నారింజ రంగులో గారెలా? అది ఈ గెలాక్సీ నడిమధ్య ఉన్నదే. బరువు సూర్యుడికి 650 కోట్ల రెట్లు.

ఈ గెలాక్సీ నిండా, చుట్టూ కోటి డిగ్రీలు దాటిన వాయువు ఉంది. అంత వేడి వాయువు ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. అలా శక్తి పోగొట్టుకుని చల్లబడాలి, లోపలికి జారాలి, కొత్త నక్షత్రాలు కుప్పలుగా పుట్టాలి. కానీ అక్కడ పుట్టేవి చాలా తక్కువ. దించిన పాలు ఎంతకీ చల్లారడం లేదంటే కింద ఎక్కడో సెగ తగులుతోందన్నమాటే కదా!

ఆ సెగ బ్లాక్ హోల్‌దే. చల్లబడిన వాయువు కొంత దానివైపు జారుతుంది. అందులో కొంత లోపల పడకుండా, దాదాపు కాంతి వేగంతో ధారగా బయటికి చిమ్ముతుంది. ఆ తోపుడు ధ్వని వేగాన్ని మించితే ఎదుటి వాయువుకు పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. నొక్కుకుపోయి వేడెక్కుతుంది. అదే షాక్. ధ్వనిని మించిన విమానం వెళ్తే 'ఢాం' అని వినిపించేదీ ఇదే.

ఎమ్87 నడుమ నుంచి సుమారు 40 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఇలాంటి అల ఉంగరంలా కనిపించింది. కోటి ఏళ్లకు పైబడిన పేలుడు గుర్తు అది. వేగం ధ్వని కన్నా అయిదో వంతే ఎక్కువ, అంటే మెత్తని దెబ్బే. కానీ మళ్లీ మళ్లీ పడుతూంటే వాయువు చల్లారదు. వేడెక్కితే బ్లాక్ హోల్‌కు మేత తగ్గుతుంది, ధార నెమ్మదిస్తుంది. చల్లబడితే మళ్లీ మొదలు. మన ఇస్త్రీ పెట్టె లైటే!

ఎక్స్‌రేలు మన వాతావరణం దాటి నేలకు చేరవు. అందుకే ఈ అలను చూసింది అంతరిక్షంలోని చంద్ర టెలిస్కోపు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న దీన్ని 1999 జులైలో కొలంబియా షటిల్ మోసుకెళ్లింది. ఆ షటిల్ కమాండర్ ఐలీన్ కాలిన్స్, షటిల్‌కు నాయకత్వం వహించిన మొదటి మహిళ.

చైత్ర పున్నమి నాడు చంద్రుడి దగ్గర మెరిసే చిత్తా నక్షత్రం కన్యారాశిదే. ఉగాది తర్వాత వచ్చే ఆ పున్నమికి పిల్లల్ని బయటికి తీసుకెళ్లి చూపించండి. ఎమ్87 కంటికి ఆనదు. కానీ ఆ రాశిలోనే ఓ పొయ్యి ఆరకుండా వెలుగుతోందని చెప్పచ్చు.