సైంధవమంటే ఉప్పా, గుర్రమా?

మా కవిటి తోటల్లో బోరు వేయించదలచినవారు ముందుగా అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడిచే పెద్దమనిషిని పిలుస్తారు. కాయ లేచి నిలిచిన చోటే పాయింటు. కొబ్బరికి కరవులేని ఉద్దానంలో ఈ విద్యకు ఖర్చు స్వల్పం! కొన్నేళ్ల క్రితం మా తమ్ముడు అది కాదని, ఇంటి వాడుక నీటి కోసం పట్నం నుండి మిషనువారిని రప్పించాడు. నేనూ సంతోషించాను.

వారు నాలుగు కడ్డీలను ఒకే వరుసలో నేలలో దిగగొట్టారు. వెలుపలి రెంటి ద్వారా విద్యుత్తును పంపి, లోపలి రెంటి మధ్య పొటెన్షియల్ భేదాన్ని కొలుస్తారు. వెలుపలి కడ్డీలను ఎడంగా జరిపిన కొద్దీ మరింత లోతు సంగతి తెలుస్తుంది. 1912లో ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లంబర్గర్ ఖనిజాన్వేషణకై ఆరంభించిన మార్గమిది. ఎండు ఇసుక, పగుళ్లులేని శిల విద్యుత్తును అడ్డగిస్తాయి. తడిసిన పొర దారి ఇస్తుంది. అంకె బాగా తగ్గిన చోట గుర్తు పెట్టి, రుసుము పుచ్చుకొని వెళ్లారు.

నీళ్లు పడ్డాయి. నోట పెట్టలేనంత ఉప్పన.

ఊరంతా యంత్రాన్ని నిందించింది. నేను అంగీకరించను. పలాస వైపు రాతినేలల్లో అంకె తగ్గితే పగుళ్లలో నీరుందని ఆశపడవచ్చు. సముద్రపుటంచున అదే అంకె బంకమట్టి కావచ్చు, ఉప్పునీరూ కావచ్చు. గట్టి శిలల విశిష్ట నిరోధం వేల ఓమ్ మీటర్లుంటే, సముద్రజలానిది సుమారు 0.2 మాత్రమే. అంటే ఆ చిన్న అంకె ఒక నానార్థపదం. భోజనం చేస్తూ సైంధవం తెమ్మంటే ఉప్పు, ప్రయాణమవుతూ తెమ్మంటే గుర్రం అని ఎన్నేళ్లు పాఠం చెప్పానో! అర్థాన్ని తేల్చేది ప్రకరణం. ఇక్కడ ప్రకరణమంటే చుట్టుపక్కల బావుల నీరు, పాత బోర్లలో వచ్చిన మట్టి, కడలి దూరం. వచ్చినవారు వీటిలో ఒక్కటీ అడగలేదు; మా నూతి నీరు ఒక్క గుక్కెడు రుచి చూడలేదు. తీరాల్లో ఉప్పునీరు ఎంతవరకు చొచ్చుకువచ్చిందో కనిపెట్టడానికి వాడేదీ ఈ పద్ధతే కదా!

వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళాధ్యాయం వ్రాశాడు. చెట్లను, పుట్టలను బట్టి నీటి జాడ చెప్పిన మాటలన్నీ నేను నమ్మను. కానీ మట్టి రంగును బట్టి నీటి రుచి ఎట్లుంటుందో కూడా ఆయన ఆలోచించాడు. ఉసిరిక, చిల్లగింజల వంటివాటితో నూతినీటిని బాగుచేయమన్నాడు. 'నీరెక్కడ?' అన్న ప్రశ్న వెనుకనే 'ఎటువంటి నీరు?' అన్న ప్రశ్న ఆయనకు తోచింది.

మూత్రపిండాల వ్యాధి ఇన్ని ఇళ్లను కూల్చిన మా ఉద్దానంలో ఆ రెండవ ప్రశ్న విడువరానిది. వ్యాధికి నీరే కారణమని నేననడం లేదు. కానీ నీటిలో ఫ్లోరైడు ఎంతో, సిలికా ఎంతో ఈ కడ్డీలు చెప్పవు. అది ప్రయోగశాల పని. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయపు నీటిని ఇటు తెచ్చే పథకాన్ని ప్రారంభించారు. ఇక బోర్ల ఊసెందుకంటారు కొందరు. కుళాయి రాని పూట చేయి వెళ్లేది బోరు మీటకే కదా. నీరు పడిన తరువాత పరీక్ష చేయించి ఆ కాగితం చేతికిచ్చే వరకు సర్వే పూర్తి కాలేదని, సొమ్ములో సగం అప్పుడే ఇస్తామని మనం పట్టుబట్టాలి.

మా తమ్ముడు ఆ గొట్టానికి మూత బిగించేశాడు. పక్కనే గునపం పాతుకొని కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు.