నీరసముపై వర్తకము

అలసినవారి యిల్లు తెలియని వర్తకుడు నేడు పట్టణములందు లేడు. తలవెండ్రుకలు రాలుచున్నవని యొక గృహిణి సెల్‌ఫోనునందు ఒక్కమాఱు వెదకినచో చాలును. మఱునాటినుండి థైరాయిడు మాత్రల డబ్బాల ప్రకటనలు ఆమెను విడువక వెంబడించును. ఒడలు బరువెక్కుట, మలబద్ధము, చలికి తాళలేకుండుట, చర్మము పొడిబారుట, ఋతుక్రమము తప్పుట - వీనిలో ఏ రెండు చెప్పినను ప్రకటనకర్త రోగనిర్ణయము చేసి, వెల గట్టి, మందు నింటికే పంపుచున్నాడు. ఇంటివారో, అది సోమరితన మందురు. అంగడివాడు రోగ మనును. రక్తపుబొట్టు చూడకయే యిరువురును తీర్పు చెప్పుచున్నారు. సాక్ష్యము లేని తీర్పు న్యాయస్థానమున చెల్లదు గదా. స్త్రీ దేహవిషయమున మాత్ర మేల చెల్లవలయును?

సత్యమేమో చూతము. మన పాఠ్యపుస్తకములు అవటుగ్రంథి యని పేర్కొను థైరాయిడు కంఠమున ముందువైపున సీతాకోకచిలుకవలె నుండును. అది స్రవించు హార్మోను దేహవ్యాపారముల వేగమును నిర్ణయించును. ఆ స్రావము తగ్గినపుడు మెదడు క్రిందనున్న పీయూషగ్రంథి టీ.ఎస్.హెచ్. అను ప్రేరకమును హెచ్చుగా పంపి దానిని తొందరపెట్టును. కావున టీ.ఎస్.హెచ్. పెరుగుట గ్రంథి వెనుకబడినదనుటకు తొలిసాక్ష్యము. దానితోబాటు ఫ్రీ టీ4 చూచినచో వ్యవహారము చాలవఱకు తేలిపోవును. ఇంతకుమించి కావలసినది సామాన్యముగా స్వల్పమే. అలసటకు థైరాయిడొక్కటే కారణము కాదు. రక్తహీనత, బీ12 విటమిను లోపము, మధుమేహము, నిద్రలేమి, మనోవేదన - ఇవన్నియు నదే వేషమున వచ్చును. లక్షణములనుబట్టి పరీక్ష చేయించుకొనవలయును గాని, లక్షణములనుబట్టి డబ్బా కొనరాదు.

ఇక పరీక్షలనైన నిర్మలముగా నుండనిచ్చుచున్నారా? పదులకొలది పరీక్షల నొక్క మూటగా గట్టి, తగ్గింపు ధర యని చాటి, అచ్చుకాగితముపై ఎఱ్ఱసిరాతో గుర్తించిన ప్రతి యంకెను రోగముగా భయపెట్టు వర్తకము బయలుదేరినది. టీ.ఎస్.హెచ్. పరిమితిని కొంచెము దాటి, 10 లోపుగా నుండి, ఫ్రీ టీ4 సరిగానున్నచో, రెండు మూడు నెలలకు మరల పరీక్షించి చూడుడని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అనేకుల విషయమున నది తనంతట తానే సర్దుకొనును. 65 ఏండ్లు దాటిన 737 మందిపై ఐరోపాలో జరిగి 2017లో వెలువడిన పరిశోధనలో, ఇట్టి స్వల్పలోపమునకు థైరాక్సిను మాత్ర యిచ్చినను, మందులేని మాత్ర యిచ్చినను, బడలిక విషయమున భేదము కానరాలేదు. అయితే గర్భిణులును, గర్భము కోరువారును ఈ నిరీక్షణకు లోనుగారాదు; వారు జాగు చేయక వైద్యుని చూడవలయును.

డబ్బా మూత తీసి చూతము. అందు సాధారణముగా సముద్రపు నాచునుండి తీసిన అయోడిను, సెలీనియము, బయోటిను ఉండును. అయోడిను లోపించినను గ్రంథి చెడును, మితిమీరినను చెడును. సెలీనియము మితిమీరినచో వెండ్రుకలు రాలును! వెండ్రుకలు నిలుచునని కొన్న డబ్బా వెండ్రుకలనే రాల్చగలదన్నచో ఇంతకన్న విపరీత మేమున్నది? బయోటినుది మఱియొక మాయ. అధికమోతాదున దానిని మ్రింగినవారికి, కొన్ని పరీక్షాపద్ధతులందు టీ.ఎస్.హెచ్. ఉన్నదానికన్న తక్కువగను, టీ4 ఎక్కువగను కనబడును. అనగా నిజమైన లోపము కాగితముపై మాయమైపోవును. అమెరికా ప్రభుత్వపు ఆహారౌషధ సంస్థ 2017లోనే బయోటినుచే రక్తపరీక్షలు తప్పుదారి పట్టునని హెచ్చరించినది. సాక్షిని కొని మాట మార్పించుటకును దీనికిని భేదమేమి? బయోటిను వాడువారు పరీక్షకు ముందే వైద్యునకు తెలిపి, కనీసము రెండు దినములు దానిని మానవలయును.

ఇంతకన్న ఘోర మొకటి కలదు. అమెరికాలో థైరాయిడు ఆరోగ్యమునకని అమ్ముడగుచున్న పది విధముల మాత్రలను శోధింపగా, తొమ్మిదింట టీ3 హార్మోనును, ఐదింట టీ4 హార్మోనును బయల్పడినవి. ఈ ఫలితములు 2013లో ప్రకటితములైనవి. వైద్యుడు తూచి యీయవలసిన మందు పోషకాహారమను మాఱుపేరుతో జనుల యుదరములలో దూరుచున్నదన్నమాట!

అయోడిను లోపమునకు మన దేశము డబ్బాలవారిని యాచింపలేదు. శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన వులిమిరి రామలింగస్వామిగారు 1956లో కాంగ్రా లోయయందు సహచరులతో గూడి మహాప్రయోగ మారంభించిరి. కొన్ని మండలములకు అయోడిను కలిపిన ఉప్పును, మఱియొక మండలమునకు మామూలు ఉప్పును పంచి చూడగా, అయోడిను ఉప్పు తిన్నచోట గళగండము తగ్గినది. 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమము వెలసినది. వయోజనునకు దినమున కవసరమైన 150 మైక్రోగ్రాముల అయోడిను పేదవాని యుప్పుగల్లునందే యిమిడినది. చిటికెడుప్పు చేయు పనికి వేల రూపాయల డబ్బా యేల?

ఇక చట్టము మాట. 1954 నాటి ఔషధముల, మాయామందుల ప్రకటనల చట్టము తన పట్టికలో గళగండమును, స్థూలకాయమును చేర్చి, వానిని మాన్పుదుమను ప్రకటనలను నిషేధించినది. 2016 నాటి ఆహారభద్రతా నిబంధనలనుబట్టి ఆరోగ్యపోషకముల డబ్బాపై, ఇది వైద్యోపయోగమునకు కాదని స్ఫుటముగా వ్రాయవలయును. 2019 నాటి వినియోగదారుల చట్టము మోసపు ప్రకటనకు 10 లక్షల రూపాయలవఱకు, మరల చేసినచో 50 లక్షలవఱకు జరిమానా విధింపవచ్చునన్నది. డబ్బా పట్టుకొని చిఱునవ్వు నవ్వు నటీనటులకును నది వర్తించును. చట్టములకు కొఱత లేదు. కొఱడా పట్టు చేతికే కొఱత. వైద్యమునకు కాదని డబ్బాపై సన్నని యక్షరములతో వ్రాసి, వైద్యమని తెరపై పెద్దగొంతుకతో నఱచు ద్వంద్వనీతిని అధికారు లెన్నాళ్లు చూచుచు నూరకుందురు?

ఎదిరిపక్షమువారు చెప్పు మాట యొకటి కలదు: థైరాక్సిను జన్మాంతము మ్రింగవలసిన రసాయన మనియు, తమ డబ్బా ప్రకృతిసిద్ధ మనియు. థైరాక్సిను మన గ్రంథి స్రవించు హార్మోనే. 1891లో ఇంగ్లాండున జార్జి మఱ్ఱే యను వైద్యుడు గొఱ్ఱె థైరాయిడు సారము నొక రోగిణికి సూదిద్వారా యిచ్చెను. ఆమె తదుపరి 28 ఏండ్లు జీవించెను. 1914లో కెండాలు థైరాక్సినును వేఱుపఱచెను. 1927లో హారింగ్టను, బార్జరులు దానిని ప్రయోగశాలలో నిర్మించిరి. నేడది ప్రపంచ ఆరోగ్య సంస్థవారి యావశ్యకౌషధముల పట్టికలోను, మన జాతీయ పట్టికలోను కలదు. వెల స్వల్పము. రోగము నిర్ధారణయైనవారు దానిని పరగడుపున నీటితో మ్రింగి, కాఫీకి అరగంటనుండి గంటవఱకు ఆగవలయును. ఇనుము, కాల్షియము మాత్రలకు నాలుగు గంటల యెడము పాటింపవలయును. ఆఱునుండి యెనిమిది వారములకు మరల పరీక్షించుకొనవలయును. బాగున్నదని తామే మానరాదు. లోపము నిజమైయుండగా డబ్బాను నమ్మి మాత్ర మానుట ప్రకృతిసేవ కాదు, ఆత్మద్రోహము.

మేము కోరునది మూడు మాటలు. ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునుండియు టీ.ఎస్.హెచ్. పరీక్ష ఉచితముగ జరుగవలయును. 2018లో తెలంగాణమున ప్రభుత్వపు ఉచిత పరీక్షాకేంద్రము వెలసినప్పుడు అది సాధ్యమని తేలినది. అమలుకాని చట్టముల నమలుజరుపవలయును. మూడవది మన చేతిలోనిది. పఠనమందిరములలో కూర్చుండి దేశసేవనుగూర్చి చర్చించు సోదరులారా! మీ యింట తల్లియో, భార్యయో, తోబుట్టువో అలసితి నన్నప్పుడు సోమరితన మనకుడు, డబ్బా తెప్పింపకుడు. ఆమె వెంట నడిచి పరీక్ష చేయింపుడు. ఆ యొక్క చీటీలోని యంకె దొరకువఱకు ఇంటివారికిని తీర్పు చెప్పు నధికారము లేదు, అంగడివానికిని లేదు.