కీళ్ళవాతం కీళ్ళతో ఆగదు

చేతివేళ్ళు వాచి, ఉదయం లేచాక గంటసేపు పిడికిలి బిగించలేని రోగి వచ్చినప్పుడు వైద్యుని చూపు సహజంగానే ఆ వేళ్ళ మీద నిలుస్తుంది. నొప్పికి మందు వ్రాస్తాము, రక్తపరీక్షలు చేయిస్తాము. రక్తపీడనం చూడటం, కొలెస్టరాల్ ఎంత ఉన్నదో తెలుసుకోవటం మరచిపోతాము. వృత్తిలో తొలి సంవత్సరాలలో నేనూ అలాగే మరచిపోయాను. అది పొరపాటని ఇప్పుడు నిస్సందేహంగా చెప్పగలను.

రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవారికి గుండెజబ్బుల ముప్పు ఇతరుల కంటె సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఎందుకో తెలియాలంటే కీళ్ళను వదలి రక్తనాళాల లోపలికి చూడాలి.

ధమనుల లోపలి గోడను ఒకే ఒక కణం మందం గల పొర కప్పి ఉంటుంది. దీనిని ఎండోథీలియం అంటారు. ఇది గొట్టానికి వేసిన పూత వంటిది మాత్రమే కాదు. ఎసిటైల్‌కోలిన్ తగిలినప్పుడు ధమని సడలాలంటే ఈ పొర ఉండాలనీ, పొరను గీకివేస్తే సడలదనీ 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపారు. ఆ పొర విడుదల చేసే పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తరువాత తేలింది. ఈ పరిశోధనలకు ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

కొన్ని సెకండ్లు మాత్రమే నిలిచే ఈ వాయువు ధమని కండరాన్ని సడలిస్తుంది. రక్తఫలకికలు, తెల్లకణాలు గోడకు అంటుకోకుండా కాపాడుతుంది.

కీళ్ళలో రగిలే తాపం అక్కడే ఉండిపోదు. ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ వంటి రసాయనాలు రక్తంతో దేహమంతటా తిరుగుతాయి. వాటి వలన ఎండోథీలియంలో నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తి తగ్గుతుంది. తయారైన దానిలో కొంత సూపర్ ఆక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మారుతుంది. రక్షణ తగ్గిన ధమని క్రమంగా బిరుసెక్కుతుంది, గోడలో కొవ్వు పేరుకొంటుంది.

అయితే నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతాయంటూ అమ్మే పొడులు కొని మ్రింగితే సరిపోదా? సరిపోదు. వాచిన కీలులో ఇదే వాయువు మరొక ఎంజైము ద్వారా మితిమీరి తయారై మృదులాస్థికి హాని చేస్తుంది. లోపం ఒకచోట, అతి మరొకచోట. పైగా గుండెపోటు వచ్చినవారికి ఆర్జినిన్ ఇచ్చి చూసిన ఒక పరిశోధనలో ప్రయోజనం కనబడలేదు సరికదా, ఆర్జినిన్ తీసుకొన్నవారిలోనే మరణాలు సంభవించటంతో దానిని మధ్యలోనే ఆపివేశారు. ఆ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. సీసా మీద ఉన్న నోబెల్ కథను చూసి మోసపోవద్దు.

చేయవలసినది తాపాన్నే అణచటం. మిథోట్రెక్సేట్ వంటి మందులను త్వరగా ప్రారంభించి, వైద్యుని పర్యవేక్షణలో క్రమం తప్పక వాడాలి. అది వారానికి ఒకసారి మాత్రమే తీసుకొనే మందు. ప్రతిదినం తీసుకొంటే ప్రాణాపాయం. నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయే కాని వ్యాధిని ఆపవు. దుకాణంలో అడిగి తెచ్చుకొని నెలల తరబడి వాడితే వాటిలో చాలా మందులు రక్తపీడనాన్ని, గుండెపోటు ముప్పును పెంచుతాయి. స్టీరాయిడ్ల విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. పొగాకు కీళ్ళకూ ధమనులకూ ఒకేసారి శత్రువు. నడక, ఓపిక ఉన్నంత వ్యాయామం ఎండోథీలియానికి మేలు చేస్తాయి.

వైద్యమిత్రులకు నా విన్నపం ఒక్కటే. కీళ్ళరోగి వచ్చినప్పుడు రక్తపీడనం, చక్కెర, కొలెస్టరాల్ కూడా చూడండి. రోగులకు నేను చెప్పేది, వైద్యుడు మరచిపోతే మీరే అడగండి. వంకర తిరిగిన వేలు అందరికీ కనబడుతుంది. బిరుసెక్కిన ధమని కనబడదు, నొప్పి పెట్టదు. అందువలన దానిని వెదకవలసిన బాధ్యత మనదే.