పగిలిన పెంకులు - నూరడుగుల గోపురము

మన బాలబాలికలు చేతిపనుల ప్రదర్శనమునకు తెచ్చెడి వస్తువులను ఏటేట చూచుచున్నాను. బజారున కొన్న రంగుకాగితములతోను పూసలతోను చేసినవానిని బల్లమీద ముందు వరుసను ఉంచెదము. కొబ్బరిచిప్పలతోను డబ్బామూతలతోను చేసినవి మూలకు చేరును. ఈ యలవాటు మంచిది కాదని నా యభిప్రాయము. నేనును అట్లు చేసినవాడనే.

అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున వాట్స్ అను పేట గలదు. ఇటలీనుండి వలసవచ్చిన సైమన్ రోడియా యను కూలివాడు 1921వ సంవత్సరమున అచ్చట తన యింటి యావరణమందు గోపురములు కట్ట నారంభించెను. పగలు కూలిపని, తీరికవేళ ఈ పని. పరంజా లేదు. నడుమునకు పట్టీ బిగించుకొని, సిమెంటు బొక్కెనతో, తాను కట్టినదానిమీదనే పైకి ఎగబ్రాకెడివాడు. ఇనుపకమ్ములను సమీపమందలి రైలుపట్టాల సందున దూర్చి వంచెడివాడు. వానికి తీగవల చుట్టి, సిమెంటు మెత్తి, తడి యారకమునుపే పింగాణిపెంకులను, సీసాముక్కలను, సముద్రపు గవ్వలను పొదిగెడివాడు. పేటలోని పిల్లలు పెంకులు ఏరి తెచ్చి యిచ్చుచుండిరి. (మన పిల్లలు అట్లు చేసినచో చేతులు కోసికొందురని కసరుదుము, అదియు తప్పు గాదు.) ఇట్లు ముప్పది యేండ్లకు పైగా శ్రమించి 1954 నాటికి పని ముగించెను. అన్నిటికంటె ఎత్తయిన గోపురము సుమారు 100 అడుగులు. ఆ కట్టడమునకు అతడిడిన స్పానిష్ పేరునకు “మా ఊరు” అని యర్థము.

పిమ్మట ఆ స్థలమును పొరుగువానికిచ్చి వెడలిపోయెను. అనుమతి లేని కట్టడమనియు, జనులపై కూలుననియు నగరాధికారులు దానిని పడగొట్ట నాజ్ఞాపించిరి. వారి భయమును నేను నిందింపను. ప్రాణములు కాపాడుట వారి విధి. కాని పరీక్షింపకయే కూలునని నిశ్చయించుట న్యాయమా? దానిని కాపాడదలచినవారు పరీక్ష కోరిరి. 1959వ సంవత్సరము అక్టోబరు మాసమున ఒక గోపురమునకు ఉక్కుతాడు కట్టి 10,000 పౌనుల బలముతో ప్రక్కకు లాగిరి. గోపురము పడలేదు. లాగెడి సామగ్రియే ముందు ఓర్వలేకపోయెను! ఆజ్ఞ రద్దయ్యెను. రోడియా 1965లో మరణించెను. 1990లో ఆ గోపురములు జాతీయ చారిత్రక చిహ్నముగా గుర్తింపబడెను.

నిరుడు ఒక బాలుడు డబ్బామూతలతో ఏనుగును చేసి తెచ్చెను. కాలు విరుగునని తలచి నేను దానిని వెనుక నుంచితిని. చేతితో ఎత్తియైనను చూడలేదు. ఈ యేడు ముందు బల్లమీద బారెడు చోటు ఇట్టి వస్తువులకు విడువవలెనని తోడి యుపాధ్యాయులను కోరుచున్నాను. ఆ బాలుడు ఇప్పుడు తొమ్మిదవ తరగతిలో నున్నాడు.