మొహమాటానికి వెల

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు మా నెల్లూరులోనే బయటపడింది. 2020 మార్చి 12న, ఇటలీ నుండి తిరిగివచ్చిన ఒక విద్యార్థికి వ్యాధి సోకినట్లు తేలింది. పది రోజులకే అంతర్జాతీయ విమానాలు నిలిచిపోయాయి.

ఇందుకూరుపేటలో ఉండే మా బాబాయి, పిన్ని ఆ ఏప్రిల్‌లో సింగపూరు వెళ్ళవలసి ఉండినది. జన్మంతా మైపాడు ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూసినవారే గాని దాని ఆవలికి ఎన్నడూ వెళ్ళినవారు కారు. పదవీ విరమణ సొమ్ములోంచి విమానానికీ, హోటలుకూ ముందుగానే మొత్తం చెల్లించారు.

విమానం సొమ్ము ఆలస్యంగానైనా వచ్చింది. ప్రవాసీ లీగల్ సెల్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న ఇచ్చిన తీర్పే అందుకు కారణం. డబ్బుకు కటకటపడుతున్న విమాన సంస్థలు సొమ్మును జమగా ఉంచుకోవచ్చును గాని, 2021 మార్చి 31 నాటికి ప్రయాణికుడు వాడుకోనిదంతా నగదుగా తిరిగివ్వాలని ఆ తీర్పు చెప్పింది.

హోటలు మాటేమిటి? ఏజెంటు ఒక కూపన్ చేతిలో పెట్టాడు. గడువు ఏడాది. మామూలు అంతర్జాతీయ విమానాలు తిరిగి మొదలైనది 2022 మార్చి 27న! విమానం ఎగరకముందే కూపన్ చచ్చిపోయింది. "తెలిసిన పిల్లవాడు, నోరు తెరిచి ఎలా అడిగేదిరా?" అన్నారు బాబాయి. ఇప్పుడు పిన్నికి మోకాళ్ళు సహకరించవు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కూపన్ డబ్బు కాదు. రొయ్యపిల్లకు అడ్వాన్సు ఇచ్చిన మా తీరపు రైతు, హేచరీవారు పిల్లను ఇవ్వలేకపోతే కూపన్ పుచ్చుకుని ఇంటికి వస్తాడా? ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైతే అది చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 56వ సెక్షను, అట్టి ఒప్పందం కింద పొందిన లాభాన్ని తిరిగివ్వాలని 65వ సెక్షను చెబుతున్నాయి. ఏజెంటు పక్షాన న్యాయం లేదనను. అతడు హోటలుకు ముందే కట్టి ఉండవచ్చును. అయితే ఆ రసీదు చూపి, మిగిలినది ఇవ్వవలె. రద్దు షరతులు ముందే చదువుకోవలసిన బాధ్యత మనదీను.

అడిగేవారికి దారి లేకపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం చేసిన మేలు ఏమిటంటే, కంపెనీ ఢిల్లీలో ఉన్నా సరే, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు. అంతకుముందు 1915కు ఫోను చేసి చూడవచ్చును. వెంటబడితే ఫలితం ఉంటుంది. యాత్రా సంస్థ వద్ద 2021లో 36,276 బుకింగులకు సంబంధించి 26 కోట్ల రూపాయలకు పైగా చెల్లింపులు నిలిచిపోయి ఉండగా, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విచారణ చేపట్టిన పిమ్మట 2024 జూన్ నాటికి అది రెండున్నర కోట్లకు తగ్గింది.

కాని చట్టానికి ఓపిక రెండేళ్ళే. కోవిడ్ కాలాన్ని గడువులోంచి సుప్రీంకోర్టు మినహాయించినా, బాబాయి విషయంలో 2024 ఫిబ్రవరితో అదీ ముగిసింది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చును. "మొహమాటపడ్డాను" అన్నది తగిన కారణమని ఏ కమిషన్ ఒప్పుకుంటుంది?

మిత్రులారా, మీ ఇళ్ళలోనూ ఇటువంటి పెద్దలు ఉంటారు. వారి తరఫున ఒక ఉత్తరం మీరు వ్రాయండి. మర్యాదగానే వ్రాయండి, తారీఖు వేసి వ్రాయండి. మన సొమ్మును మనం అడగడం తగవు పెట్టుకోవడం కాదు. బాబాయికి ఆ మాట 2021లోనే చెప్పి ఉండవలసినవాడిని. నేనూ మొహమాటపడ్డాను.