ఇల్లు ఆమె పేరున, పరిహారం ఎవరి పేరున?

అక్టోబరు వచ్చిందంటే ఉత్తరాంధ్ర స్త్రీలకు గుండెల్లో గుబులు మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. పైకప్పు రేకులు లేచిపోయిన ఇంట్లో తడిసిన బియ్యం ఎండబెట్టేదీ, పిల్లలతో తలదాచుకునే చోటు వెతుక్కునేదీ, గోడ మళ్లీ లేచేదాకా అప్పు పుట్టించేదీ స్త్రీయే. నష్టం రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి మాత్రం మొదట అడిగేది "ఇంటాయన పేరేంటమ్మా?" అనే.

ఈ ప్రశ్నకు కాలం చెల్లిందని మనం అనుకున్నాం. 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో రాష్ట్రమంతటా సుమారు 30 లక్షల పట్టాలు స్త్రీల పేరనే ఇస్తామన్నారు. నెల్లిమర్లకు దగ్గర్లోని గుంకలాంలో ఒక్క లేఅవుట్‌లోనే వేలాది స్థలాలు వేశారు. పట్టా మీద ఆమె పేరుండటం చిన్న విజయం కాదు. దాని వెనుక ఏళ్ల తరబడి మహిళా సంఘాలు చేసిన పోరాటం ఉంది. అయితే పట్టా ఇచ్చేది స్థలాన్ని. ఆ స్థలంలో లేచిన ఇల్లు కూలిన రోజున ఆదుకునేవి వేరే కాగితాలు: పరిహారం జాబితా, బీమా పాలసీ. మొదటిది తయారుచేసేది రాష్ట్ర యంత్రాంగం, రెండోది కేంద్ర చట్టం కిందిది. ఈ రెంటి మధ్య స్త్రీ జారిపోతోంది.

ముందు పరిహారం సంగతి చూద్దాం. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, గుడిసెకు 8,000. దీనికొక షరతు ఉంది. కూలిన ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. పోరంబోకులో గుడిసె వేసుకున్న ఒంటరి స్త్రీ, మామగారి పేరనున్న ఇంట్లో ఉంటున్న వితంతువు ఏ కాగితం చూపిస్తారు? గృహహింస నిరోధక చట్టం 2005లో స్త్రీకి తానుంటున్న ఇంట్లో నివసించే హక్కునిచ్చింది గాని, ఆ ఇంటికి యజమానురాలిని చెయ్యలేదు.

ఇక బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ అమల్లోకి వచ్చింది. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద నష్టాలు ఇందులోకి వస్తాయి. స్థలం ధరతో నిమిత్తం లేకుండా, ఇల్లు తిరిగి కట్టడానికయ్యే ఖర్చును బట్టి బీమా మొత్తం నిర్ణయిస్తారు. ఇంటికి బీమా చేస్తే అందులో 20 శాతం దాకా, 10 లక్షలకు మించకుండా, సామాన్లకూ రక్షణ వస్తుంది. ఈ పాలసీ ఉందని మన వాడల్లో ఎందరికి తెలుసు? ఉన్న పాలసీలు కూడా చాలావరకు గృహరుణంతో పాటు బ్యాంకు చేయించినవే. రుణం మగవాడి పేరనుంటే పాలసీ అతని పేరనే ఉంటుంది, వచ్చే డబ్బు ముందు బ్యాంకు బాకీకి జమవుతుంది.

పేదల ఇంటికి ప్రభుత్వమే బీమా కట్టడం కొత్త ఊహేమీ కాదు. 1988లో కేంద్రం గ్రామీణ పేదల కోసం గుడిసెల బీమా తెచ్చింది. నిప్పంటుకుంటే గుడిసెకు 1,000, సామాన్లకు 500 రూపాయలు ఇచ్చేది. ప్రీమియం ప్రభుత్వమే కట్టేది. మొత్తం చిన్నదే, తుపానుకు అది వర్తించేదీ కాదు. కానీ పేదల ఇల్లు కూడా బీమాకు తగిన ఆస్తేనని అది ఒప్పుకుంది.

అందుకే మన డిమాండ్లు ఇవి. ప్రభుత్వ పథకాల్లో కట్టిన ప్రతి ఇంటికీ పట్టాదారైన స్త్రీ పేరనే బీమా చేయించాలి, ప్రీమియం ప్రభుత్వం భరించాలి. పరిహారం ఆమె ఖాతాలోనే పడాలి. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో ఇంటి పెద్ద స్త్రీయేనని ఒప్పుకున్నప్పుడు పరిహారం జాబితాలో ఒప్పుకోవడానికి అడ్డేమిటి? పోరంబోకులో ఉంటున్నవారికి నివాసమే ఆధారం కావాలి. పాలసీ షరతులు తెలుగులో ఇవ్వాలి.

అవి సాధించుకునేలోగా మనం చెయ్యగల పనులున్నాయి. తుపాను కాలానికి ముందే సంఘం సమావేశంలో పట్టా, ఇంటి పన్ను రసీదు, ఇంటి ఫోటోలు ఒకచోట భద్రపరుచుకుందాం. గృహరుణం ఉన్నవారు బ్యాంకు నుంచి పాలసీ నకలు అడిగి తెచ్చుకోవాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇంటిని నిలబెట్టేది ఆమె అని అందరూ ఒప్పుకుంటారు. కూలినప్పుడు తిరిగి కట్టుకునే డబ్బు కూడా ఆమె చేతికే రావాలి. ఈసారి జాబితా రాయడానికి ఉద్యోగి గుమ్మంలోకి వచ్చినప్పుడు, "ముందు నా పేరు రాయండి" అని చెప్పే ధైర్యం ప్రతి వాడలోనూ రావాలి. ఆమె పక్కన మనం ఉండాలి.