పచ్చగా ఉండీ పండని చేను

దివిసీమలో, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు కాలవ శివారు భూములు కౌలుకి చేసేవాళ్లకి ఇది అనుభవమే. నాట్లు పడ్డాయి. చేను పచ్చగానే ఉంది. తీరా కోతకొచ్చేసరికి సగం తాలు. ఎరువు చాల్లేదేమో, పురుగు పట్టిందేమో అని కౌలురైతు తన్ను తానే తిట్టుకుంటాడు. కొట్టువాడు ఇంకో మందు డబ్బా అంటగడతాడు. చాలాసార్లు అసలు కారణం మట్టిలో ఉంటుంది. అది ఉప్పు.

ఉప్పు మొక్కని రెండు దెబ్బలు కొడుతుంది. మొదటిది దాహం. మడిలో నీళ్లున్నా, వాటిలో ఉప్పెక్కువైతే వేరు లాక్కోలేదు. ఉన్న తడిని కాపాడుకోడానికి ఆకు తన సన్న రంధ్రాలు మూసుకుంటుంది. దాంతో బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు, ఆహారం తయారీ తగ్గుతుంది. రెండోది విషం. ఉప్పులోని సోడియం, పొటాషియం వెళ్లే దారినే లోపలికి దూరి దాని చోటు ఆక్రమిస్తుంది. పొటాషియంతో నడిచే ఎంజైములు పడకేస్తాయి. ముదురాకులు కొసల నుంచి ఎండేది అందుకే.

మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. వేళ్లు సోడియాన్ని బయటికి తోస్తాయి. లోపలికొచ్చినదాన్ని కణంలోని సంచుల్లో బంధిస్తుంది. ప్రోలిన్ అనే పదార్థాన్నీ, చక్కెరలనీ పోగేసి తడి నిలబెట్టుకుంటుంది. కానీ ఈ పోరాటానికయ్యే శక్తి గింజకి పోవాల్సిన ఆహారంలోంచే రావాలి. కరువు ఏడు విత్తనాల గింజలు తిని ప్రాణం నిలుపుకోడం లాంటిదే ఇది. మొక్క బతికింది, పంట పోయింది.

వరి మరీ సుకుమారం. నేల రసంలో ఉప్పుని కొలిచే విద్యుద్వాహకత మీటరుకి 3 డెసీసీమెన్స్ దాటితే, ఆ పైన ఒక్కో అంకెకీ దిగుబడి సుమారు 12 శాతం పడుతుందని 1977లో మాస్, హాఫ్‌మన్‌లు లెక్క కట్టారు. పత్తి 7 దాటేదాకా తట్టుకుంటుంది. వరికి లేత నారు దశా, ఈనిక దశా గండాలు. ఎగువవాళ్ల మడులు నిండాక గానీ శివారుకి కాలవ నీళ్లు దిగవు గనక, ఆ గండాలప్పుడే మనకి నీటి ఎద్దడి!

1977 నవంబరు 19 ఉప్పెన ఉప్పుని మోసుకొచ్చిందంటే అది ప్రకృతి. రొయ్యల చెరువులకి ఉప్పునీళ్లు ఎక్కించేది ఎవరు? ఆ ఊట పక్క మడిలోకి దిగుతుంది. చెరువు ఖాళీ చేస్తే మురుగుకాలవలో కలుస్తుంది. కాలవ రానప్పుడు శివారు రైతు తోడుకునేది ఆ మురుగే. సాగుభూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి రిజిస్ట్రేషన్ల దారి తెరిచింది. లాభం చెరువుగలాయనది, తాలు పక్క కౌలుదారుది. నాట్లూ కోతలూ పోతే ఆడకూలీలకి పనీ పోయినట్టే. చెరువు గట్టుకి కాపలావాడు ఒక్కడు చాలు.

ఉప్పుకి ఓర్చే విత్తనాలు లేకపోలేదు. కేరళ పొక్కాలి ఉంది, కర్నాల్ పరిశోధనా సంస్థ తెచ్చిన సీఎస్‌ఆర్ రకాలున్నాయి. విత్తనం కొంత ఓర్చుకుంటుందే గానీ ఉప్పుని కడగదు. జిప్సం వేస్తే సరి అనేవాళ్లున్నారు. అది కారుచౌడుకి మందు. సముద్రపు ఉప్పు పేరుకున్న పాలచౌడుకి మంచినీళ్లు పెట్టి, కడిగి, మురుగు బయటికి పంపడమే మందు. మురుగుకాలవ పూడిపోతే ఆ మందూ పనిచెయ్యదు.

పంటనష్టం రాసేవాళ్లకి మునిగిన చేను కనిపిస్తుంది, ఎండిన చేను కనిపిస్తుంది. నిలబడి తాలుపోయిన చేను కనిపించదు. అందుకే ఉప్పు పైకి తేలే ఎండాకాలంలోనే మట్టి పరీక్ష చేయించి, ఆ కాగితం దగ్గర పెట్టుకోవాలి. భూమి ఎవరి పేరునున్నా, దున్నేవాడి పేరుతోనే ఆ కాగితం అడగాలి.